వంశవృక్షం దాచడానికి గ్రాఫ్ డేటాబేసా, పోస్ట్‌గ్రెస్సా? (మేనరికాలతో బుర్ర తిరుగుతోంది)

గోదారి_గట్టు | ఆదివారం, రాత్రి 10:42

అందరికీ నమస్తే. చాలా రోజుల్నుంచి ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు, తప్పులుంటే సర్దుకోండి.

మా బాబాయిగారు రిటైరయ్యాక ఊరూరూ తిరిగి మా వంశం లెక్కంతా రాశారు. ఏడు తరాలు, మూడు లాంగ్ నోట్‌బుక్కులు, వాటి మీద పిల్లలు కొట్టిన ఎక్సెల్ షీట్లు, మొత్తం 4,200 మంది దాకా తేలారు. ఏటా కార్తీకమాసం వనభోజనాలకి ఓ రెండొందల మందిమి కలుస్తాం, ప్రతిసారీ జరిగేది ఒకటే, ఎవరో పెద్దావిడ చెయ్యి పట్టుకుని "ఎవరబ్బాయివి నాయనా, నాకేమవుతావు" అంటుంది, మనం నీళ్ళు నములుతాం. అందుకని ఇద్దరి పేర్లు కొడితే వరస చెప్పే సైటు ఒకటి చెయ్యమని నా మెడకి చుట్టారు, ఇంట్లో కంప్యూటర్ చదివినవాడిని నేనే కాబట్టి.

మైఎస్‌క్యూఎల్ డేటాబేసులో ఒకే టేబుల్ పెట్టా. మనిషి, తండ్రి ఐడీ, తల్లి ఐడీ, జీవిత భాగస్వామి ఐడీ. మొదటి రెండు తరాలకి బాగానే ఉంది. తర్వాత మొదలైంది అసలు సినిమా. మేనరికాలు, అక్క కూతుర్ని చేసుకున్నవాళ్ళు, అక్కచెల్లెళ్ళిద్దర్నీ చేసుకున్న ఓ తాతగారు (భాగస్వామి కాలమ్ ఒక్కటే కదా, రెండో ఆవిణ్ణి ఎక్కడ పెట్టను?), పిల్లల్లేని పెదనాన్నకి దత్తత వెళ్ళినవాళ్ళు. పేరుకి వృక్షం గానీ ఇది వృక్షం కాదు, గుళ్ళో మర్రిచెట్టు, ఊడలు దిగి ఎక్కడివక్కడ పాతుకుపోయాయి.

రికర్సివ్ క్వెరీ (వచ్చిన జవాబు మీద మళ్ళీ మళ్ళీ అదే వెతికేది) రాస్తే రెండు రకాలుగా చచ్చింది. పైతరాలు తెమ్మంటే కొందరికి వస్తోంది, కొందరికి 1001 సార్లు తిరిగి ఆగిపోయానని ఎర్రర్. ఇద్దరి మధ్య దారి వెతకమంటే ఎర్రర్ కూడా రాదు, సర్వర్‌లో డిస్క్ నిండిపోయింది.

ఆఫీసులో ఫ్రెండు "ఇది గ్రాఫ్ రా బాబూ, నియోఫోర్‌జే పెట్టు" అన్నాడు. గ్రాఫ్ అంటే మనుషులు చుక్కలు (నోడ్లు), బంధాలు గీతలు అంట, అలా దాచే డేటాబేసంట నియోఫోర్‌జే. నాది 2 జీబీ ర్యామున్న చిన్న సర్వరు. ఏం చెయ్యమంటారు?

పాత_డీబీఏ | ఆదివారం, రాత్రి 11:15

4,200 మందేనా తమ్ముడూ? నేనేదో కోట్లలో అనుకుని కళ్ళజోడు పెట్టుకుని మరీ చదివా.

ఒక్కో మనిషికి రెండు మూడు బంధాలు వేసుకున్నా టేబుల్లో పన్నెండు వేల వరుసలు. పేరూ ఊరూ తేదీలూ అన్నీ కలిపినా మెగాబైటో రెండో. నీ ఫోన్లో ఒక ఫొటో అంతకంటే పెద్దది. దీనికి గ్రాఫ్ డేటాబేస్ అంటే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే.

పోస్ట్‌గ్రెస్ పెట్టు, అదీ మైఎస్‌క్యూఎల్ లాంటి టేబుళ్ళ డేటాబేసే. రెండు టేబుల్స్ చాలు, మనుషులు ఒకటి, బంధాలు ఒకటి. బంధాల టేబుల్లో ఎవరి నుంచి, ఎవరికి, ఏ రకం. రెండు వైపులా ఇండెక్స్ (త్వరగా వెతకడానికి సూచిక) వెయ్యి, చాలామంది ఒక వైపే వేసి కింద నుంచి పైకి వెళ్ళేటప్పుడు స్లో అని ఏడుస్తారు. నువ్వు రాసిన రికర్సివ్ క్వెరీ (విత్ రికర్సివ్) పోస్ట్‌గ్రెస్‌లో 8.4 నుంచీ ఉంది, అంటే 2009 నుంచి. పాతికేళ్ళుగా ఈ పని చేస్తున్నా, గ్రాఫ్ అన్న ప్రతివాడికీ గ్రాఫ్ డేటాబేస్ అక్కర్లేదు.

బాణం_గుర్తు | ఆదివారం, రాత్రి 11:58

డీబీఏ గారు మొదలెట్టేశారు :) నేను రెండో పక్క మాట్లాడతా.

సైజు సంగతి పక్కన పెట్టండి, క్వెరీ రాసేది మనిషి కదా. నియోఫోర్‌జే క్వెరీ భాష సైఫర్‌లో బ్రాకెట్లో ఒక మనిషి, మధ్యలో బాణం, అటు బ్రాకెట్లో ఇంకో మనిషి, బోర్డు మీద బొమ్మ గీసినట్టే రాస్తాం. తోడల్లుడు అంటే భార్య, ఆవిడ అక్కో చెల్లో, ఆవిడ భర్త. సైఫర్‌లో ఒక లైను. అదే టేబుళ్ళ భాష ఎస్‌క్యూఎల్‌లో జాయిన్ (టేబుళ్ళని అతికించడం) మీద జాయిన్, ఆర్నెల్ల తర్వాత మీరు రాసింది మీకే అర్థం కాదు. పైగా నియోఫోర్‌జేలో ప్రతి నోడ్ దగ్గరే దాని పక్కవాళ్ళ అడ్రసు ఉంటుంది, అడుగు వేసిన ప్రతిసారీ ఇండెక్స్ తిరగెయ్యక్కర్లేదు. 2016 పనామా పేపర్స్ గుర్తుందా, 1 కోటి 15 లక్షల పత్రాల్లో ఎవడి డొల్ల కంపెనీ ఎవడిదో ఆ జర్నలిస్టులు పట్టుకుంది నియోఫోర్‌జేలో పెట్టే. కమ్యూనిటీ ఎడిషన్ ఫ్రీ.

పాత_డీబీఏ | సోమవారం, ఉదయం 6:20

పనామా పేపర్స్‌కి, వనభోజనాలకి పోలికేంటయ్యా.

ఫ్రీయే, కాదన్ను. కానీ ఫ్రీ దాంట్లో సర్వర్ నడుస్తుండగా బ్యాకప్ తీసుకోలేవు, ఆపి డంప్ తియ్యాలి. క్లస్టరింగ్ (చాలా సర్వర్లు కలిపి నడపడం) డబ్బు కట్టే ఎంటర్‌ప్రైజ్‌లోనే. పైగా అది జావా, ఆ 2 జీబీలోనే జావాకి కావాల్సిన మెమరీ (జేవీఎం హీపు), డిస్క్ డేటా దగ్గర ఉంచుకునే పేజీ కాషు, అతని వెబ్‌సైటు, మూడూ సర్దుకోవాలి. ఒకే గదిలో మూడు సంసారాలు. ఇంకోటి, ఫేస్‌బుక్ వాళ్ళ సోషల్ గ్రాఫ్ ఎక్కడుందనుకుంటున్నావ్? మైఎస్‌క్యూఎల్‌లో. పైన టావో అని ఒక కాష్ పొర వేసుకున్నారు, 2013లో పేపర్ కూడా రాశారు. అంత పెద్ద సంతకే టేబుల్స్ సరిపోయాయి.

బాణం_గుర్తు | సోమవారం, ఉదయం 9:05

టావో ఉదాహరణ సగమే చెప్పారు సార్. అది చేసేది దాదాపు ఒక్క అడుగు పనే, ఫలానా వాడి ఫ్రెండ్స్ ఎవరు, ఈ పోస్టుకి లైకులెన్ని. ఎనిమిది అడుగుల దూరంలో ఇద్దర్ని కలిపే దారి వెతకడం దాని పని కాదు. ఇతనికి కావాల్సిందే అది.

బ్యాకప్ మాట మాత్రం ఒప్పుకుంటా. కానీ వనభోజనాల సైటు అర్ధరాత్రి రెండు నిమిషాలు ఆగితే ఎవరు చూడొచ్చారు?

సెమికోలన్ | సోమవారం, ఉదయం 10:30

మీరిద్దరూ కొట్టుకోండి గానీ ముందు ఆ అబ్బాయి క్వెరీ ఎందుకు చచ్చిందో ఎవరైనా అడిగారా?

గోదారి_గట్టు గారూ, క్వెరీలో యూనియన్ ఆల్ వాడారా? తరం నంబర్ అని ఒక కాలమ్ పెంచుకుంటూ పోయారా?

గోదారి_గట్టు | సోమవారం, మధ్యాహ్నం 1:10

అవునండీ, రెండూ చేశా. నెట్‌లో చూసి రాసిందే. యూనియన్ అని మార్చి కూడా చూశా, అయినా అదే ఎర్రర్.

సెమికోలన్ | సోమవారం, మధ్యాహ్నం 2:25

అనుకున్నా. కోడ్ పెడితే ఇక్కడ లైన్లన్నీ అతుక్కుపోతున్నాయి, మాటల్లోనే చెప్తా.

యూనియన్ ఆల్ వచ్చిన వరుసలన్నీ ఉంచుతుంది, యూనియన్ అంటే వచ్చిన వరుసే మళ్ళీ వస్తే పారేస్తుంది. వరుసలో ఐడీ ఒక్కటే ఉంటే ఎక్కడ చక్రం తిరిగినా తనంతట తనే ఆగుతుంది. మీరు పక్కన తరం నంబర్ పెట్టారు కదా, అదే మనిషి మూడో తరంలో ఒకసారి, అయిదో తరంలో ఒకసారి వస్తే దాని దృష్టిలో అవి రెండు వేర్వేరు వరుసలు. అందుకే యూనియన్ పెట్టినా ఆగలేదు. మైఎస్‌క్యూఎల్‌లో డిఫాల్ట్‌గా 1000 తిరుగుళ్ళ హద్దు ఉంది, 1001వ దానికి చేతులెత్తేస్తుంది. ఆ హద్దు పెంచుకోమని ఎర్రర్‌లోనే సలహా ఇస్తుంది, పొరపాటున కూడా పెంచకండి.

కానీ అసలు పాయింటు వేరే. పైకి మాత్రమే వెళ్ళే క్వెరీ చక్రం తిరగకూడదు. మేనరికం ఉంటే ఒకే ముత్తాత రెండు దారుల్లో వస్తాడు, అంతే, చక్రం రాదు. తిరుగుతోందంటే డేటాలోనే ఎవడో తన తాతకి తనే తాత అయ్యాడు. చూడండి, దొరుకుతుంది.

రెండోది, డిస్క్ నిండింది. అక్కడ మీరు పైకీ కిందకీ పక్కకీ అన్ని వైపులా వెళ్ళమన్నారు. ఒక్కొక్కరికి సగటున 5 గీతలు అనుకోండి, 12 అడుగులు వెయ్యమంటే 5ని 12 సార్లు గుణించండి, 24 కోట్ల 41 లక్షల వరుసలు. ఉన్నది 4,200 మంది! వాళ్ళనే తిప్పి తిప్పి లెక్కపెడుతోంది పాపం.

గోదారి_గట్టు | సోమవారం, రాత్రి 9:48

దొరికింది!! దండం పెట్టాలి మీకు.

ఐడీ 212 మా ముత్తాతగారు. ఐడీ 1987 ఆయన మనవడు, మనింట్లో తాత పేరే మనవడికి పెడతాం కదా, ఇద్దరివీ ఒకటే పేరు, ఒకటే ఇంటిపేరు, ఒకటే ఊరు. ఎక్సెల్ నుంచి ఎక్కించేటప్పుడు పేరుతో వెతికి ఐడీ వేశా, మధ్యలో ఉన్న తాతయ్యగారికి తండ్రిగా 212 బదులు 1987 పడింది. అంటే ఆయన కొడుకే ఆయనకి తండ్రి. నేను రెండు వారాలు మైఎస్‌క్యూఎల్‌ని తిట్టుకున్నా.

మధ్యాహ్నం_నిద్ర | సోమవారం, రాత్రి 10:02

ఏ ఇంటిపేరండీ? మాదీ కోనసీమే, మనం మనం చుట్టాలేమో

నిర్వాహకుడు | సోమవారం, రాత్రి 10:20

ఇంటిపేర్లు, ఊళ్ళు, పుట్టినరోజులు ఇక్కడ పెట్టకండి దయచేసి. చుట్టరికాలు ప్రైవేట్ మెసేజీలో కలుపుకోండి.

అమలాపురం_కోడలు | మంగళవారం, ఉదయం 11:40

నేను డేటాబేసుల మనిషిని కాదు, టెస్టింగ్ చేస్తా. కానీ ఈ థ్రెడ్ చదువుతుంటే అందరూ డబ్బా గురించే మాట్లాడుతున్నారు, అందులో పెట్టే సరుకు గురించి ఎవరూ మాట్లాడట్లేదు.

మా ఇంట్లో మా ఆయన వాళ్ళ అమ్మానాన్నలది అక్క కూతురి సంబంధం, అంటే మా మామగారు తన సొంత అక్క కూతుర్ని చేసుకున్నారు. ఇప్పుడు మా ఆయనకి వాళ్ళ అమ్మమ్మ ఏమవుతుంది? అమ్మకి అమ్మ, కాబట్టి అమ్మమ్మ. నాన్నకి అక్క, కాబట్టి మేనత్త. ఇద్దరూ ఒకే మనిషి. కంప్యూటర్ని దగ్గరి దారి అడిగితే అమ్మ వైపు నుంచి రెండు అడుగులు, నాన్న వైపు నుంచి తాతకి ఎక్కి దిగాలి కాబట్టి మూడు అడుగులు. మేనత్త వరస మాయమైపోతుంది. మా మామగారి లెక్క ఇంకా చిత్రం, ఆవిడ ఆయనకి అక్కగా రెండు అడుగులే, అత్తగారుగా కూడా రెండు అడుగులే. ఏది చెప్తుంది మీ డేటాబేస్? (మా మామగారు మటుకు చచ్చేదాకా అక్కా అనే పిలిచారు.)

ఇంకా, నాన్న అన్నదమ్ముల పిల్లలు మనకి అన్నలు చెల్లెళ్ళు, నాన్న అక్కచెల్లెళ్ళ పిల్లలు బావలు మరదళ్ళు. దారిలో మధ్యలో ఉన్నది ఆడా మగా అన్నదాన్ని బట్టే పెళ్ళి చేసుకోవచ్చో లేదో తేలేది. అడుగులు లెక్కపెడితే రెండూ ఒకటే దూరం. నాన్నకంటే పెద్దయితే పెదనాన్న, చిన్నయితే బాబాయి, మరి వందేళ్ళ కిందటి వాళ్ళకి పుట్టిన తేదీ ఎక్కడుంటుంది? ఎవరి తర్వాత ఎవరు అన్న వరుస నంబరైనా రాసి పెట్టుకోవాలి.

పాత_డీబీఏ | మంగళవారం, మధ్యాహ్నం 12:15

అమ్మా, నువ్వు డేటాబేసుల మనిషివి కాదంటున్నావు గానీ ఈ థ్రెడ్‌లో ఇప్పటిదాకా పనికొచ్చే డిజైన్ మాట నువ్వొక్కదానివే చెప్పావు.

బాణం_గుర్తు | మంగళవారం, మధ్యాహ్నం 12:50

అక్కా, మీ మామగారి కేసుకి సైఫర్‌లో జవాబుంది. షార్టెస్ట్‌పాత్ అంటే ఒకటే ఇస్తుంది, రెండు సమానంగా ఉంటే ఏది ఇస్తుందో చెప్పలేం. ఆల్‌షార్టెస్ట్‌పాత్స్ అంటే సమానమైనవన్నీ ఇస్తుంది, అక్క, అత్తగారు రెండూ వస్తాయి.

అమ్మమ్మ-మేనత్త కేసులో మాత్రం అదీ పని చెయ్యదు, మూడడుగుల దారి దానికి పొట్టి దారి కాదు కాబట్టి. అప్పుడు పొడవుకి హద్దు పెట్టి దారులన్నీ తెమ్మనాలి. సైఫర్ ఒకే దారిలో ఒక గీతని రెండుసార్లు తొక్కదు, కాబట్టి అనంతంగా తిరగదు. కానీ హద్దు పెద్దదైతే ఇందాక సెమికోలన్ చెప్పిన కోట్ల లెక్కే ఇక్కడా. నిజాయితీగా చెప్తున్నా.

కరీంనగర్_పిలగాడు | మంగళవారం, సాయంత్రం 5:30

అన్నా, వరస పేర్లు కోడ్‌ల రాయకు. మా దిక్కు నాయిన తమ్మున్ని కాక అంటం, చిన్నబాపు అంటం, బాబాయ్ అంటే మా తాత "ఎవడు వాడు" అంటడు. పిన్ని అనం, చిన్నమ్మ అంటం. దారికి ఒక కోడ్ పెట్టు, పేర్లు వేరే టేబుల్ల పెట్టి ప్రాంతం కాలమ్ ఒకటి ఇయ్యి. మీ ఆడపిల్లల్ని తెలంగాణకు ఇచ్చినోళ్ళు ఉండే ఉంటరు కదా, వాళ్ళ పిల్లలు చూసుకుంటరు.

ఫైనలియర్_బీటెక్ | మంగళవారం, సాయంత్రం 6:10

ఎల్‌ట్రీ అని పోస్ట్‌గ్రెస్ ఎక్స్‌టెన్షన్ ఉంది కదా సార్ అది వాడొచ్చు కదా ట్రీ కోసమే కదా అది

సెమికోలన్ | మంగళవారం, సాయంత్రం 6:22

ఎల్‌ట్రీలో ప్రతి ఆకుకీ పైదాకా ఒకటే దారి. కేటగిరీలకి, ఫోల్డర్లకి బాగుంటుంది. మనిషికి అమ్మా నాన్నా ఇద్దరుంటారు బాబూ.

ఫైనలియర్_బీటెక్ | మంగళవారం, సాయంత్రం 6:40

ఓ అవును కదా 😅 మరి 4,200 మందే అంటున్నారు కదా, సర్వర్ స్టార్ట్ అయినప్పుడు మొత్తం పైథాన్‌లో నెట్‌వర్క్‌ఎక్స్ అనే గ్రాఫ్ లైబ్రరీలోకి లోడ్ చేసేస్తే? మెమరీలోనే ఉంటుంది, ఎలా కావాలంటే అలా వెతుక్కోవచ్చు, డేటాబేస్ ఏదైతే ఏంటి, ఎస్‌క్యూలైట్ (మొత్తం ఒకే ఫైల్లో ఉండే డేటాబేస్) ఫైలైనా చాలు

పాత_డీబీఏ | మంగళవారం, రాత్రి 8:00

శభాష్. దాచడం వేరు, వెతకడం వేరు. రెండింటినీ ఒకే పెట్టె చెయ్యాలని రూలేం లేదు. వంశవృక్షాల కోసం గ్రాంప్స్ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఒకటుంది, అది కూడా ఎస్‌క్యూలైట్‌లోనే దాస్తుంది.

అన్నట్టు, పెళ్ళిని కాలమ్ చెయ్యకు తమ్ముడూ, దానికే ఒక వరుస ఇయ్యి. పెళ్ళి ఐడీ, భర్త, భార్య, సంవత్సరం తెలిస్తే సంవత్సరం. పిల్లలు తల్లికీ తండ్రికీ విడివిడిగా కాదు, ఆ పెళ్ళికి పుడతారు. అక్కచెల్లెళ్ళిద్దర్నీ చేసుకున్న తాతగారికి రెండు పెళ్ళిళ్ళు, ఏ పిల్లలు ఏ ఆవిడ పిల్లలో తేలిపోతుంది. జెడ్‌కామ్ అని వంశవృక్షాల ఫైల్ ఫార్మాట్ 1980ల నుంచి ఉంది, దాంట్లోనూ మనుషుల రికార్డులు వేరు, కుటుంబాల రికార్డులు వేరు. దత్తతకి పిల్లవాడి నుంచి రెండు గీతలు వెయ్యి, ఒకటి జన్మ, ఒకటి దత్తత. పెదనాన్నకి దత్తత వెళ్ళినవాడికి కన్నతండ్రి వరసకి బాబాయి అవుతాడు, రెండూ చూపించాలో వద్దో ఇంట్లో పెద్దల్ని అడుగు. కొన్ని ఇళ్ళల్లో దత్తత సంగతి పిల్లలకే తెలీదు.

డల్లాస్_దోసె | బుధవారం, ఉదయం 7:50

ఆలస్యంగా వచ్చా. నిజంగా గ్రాఫ్ డేటాబేస్ ఎప్పుడు కావాలో నేను చెప్తా, ఎందుకంటే నేను ఆ బురదలో దిగినవాణ్ణి.

ఇక్కడికి రాకముందు హైదరాబాద్‌లో ఒక అప్పులిచ్చే కంపెనీలో చేశా, పేరొద్దు. దొంగ అప్లికేషన్లు పట్టుకోవాలి. ఒకే ఫోను, ఒకే అడ్రసు, ఒకే బ్యాంకు ఖాతా పంచుకునేవాళ్ళ గుంపులు. కోట్ల నోడ్లు, ఎన్ని అడుగుల్లో దొరుకుతాడో తెలీదు, కొత్త గీతలు నిమిషానికి వేలు. అక్కడ జానస్‌గ్రాఫ్ అని ఒక గ్రాఫ్ డేటాబేస్ వాడాం. దాని తమాషా ఏంటంటే అది సొంతంగా ఏదీ దాచదు, కింద కసాండ్రానో హెచ్‌బేసో బర్క్‌లీ డీబీనో ఏదో ఒక డేటాబేస్ మనమే తగిలించాలి, పదాలతో వెతకాలంటే పక్కన ఎలాస్టిక్‌సెర్చ్ ఒకటి. అంటే గ్రాఫ్ డేటాబేస్ ఎంచుకున్నాక కూడా బ్యాకెండ్ ఏంటన్న ప్రశ్న అలాగే ఉంటుంది! మూడు సిస్టమ్స్, మూడింటికీ రాత్రుళ్ళు ఫోన్లు.

ఒక రోజు ఉన్నట్టుండి అన్ని క్వెరీలూ పడకేశాయి. చూస్తే ఒక ఫోన్ నంబర్ నోడ్‌కి వేల మంది తగులుకుని ఉన్నారు. నంబరేంటో తెలుసా, పది తొమ్మిదులు. కస్టమర్ నంబర్ ఇవ్వకపోతే బ్రాంచిల్లో కుర్రాళ్ళు అన్నీ తొమ్మిదులు కొట్టేవాళ్ళు. ఆ ఒక్క నోడ్ వల్ల ఊళ్ళో అందరూ అందరికీ చుట్టాలైపోయారు, ఏ ఇద్దరి మధ్యనైనా రెండడుగుల్లో దారి. సూపర్‌నోడ్ అంటారు దీన్ని. ఏ డేటాబేస్ పెట్టినా దీనికి మందు లేదు, అలాంటి నోడ్ల గుండా నడవొద్దని మనమే చెప్పాలి.

వంశవృక్షంలో ఆ భయం లేదు, ఎవరికైనా పిల్లలు మహా అయితే పదీ పన్నెండు. మీకు ఊరిని నోడ్ చెయ్యాలన్న ఐడియా వస్తే మాత్రం జాగ్రత్త, అదే మీ పది తొమ్మిదులు.

గోదారి_గట్టు | బుధవారం, ఉదయం 9:15

అయ్యో, ఊరునీ ఇంటిపేరునీ నోడ్లు చేద్దామనే అనుకున్నా సార్ :( కాలమ్స్‌లోనే ఉంచేస్తా.

బాణం_గుర్తు | బుధవారం, ఉదయం 10:00

సరే, 2 జీబీ అన్నప్పుడే నా కేసు సగం ఓడిపోయింది. సైఫర్ మీద మోజుంటే పోస్ట్‌గ్రెస్‌కే అపాచీ ఏజ్ అని ఎక్స్‌టెన్షన్ ఉంది, లోపల సైఫర్ రాసుకోవచ్చు. మీ హోస్టింగ్ వాళ్ళు వేసుకోనిస్తారో లేదో ముందు చూసుకోండి. లేదా కుజు అని ఎస్‌క్యూలైట్ లాగా ప్రోగ్రాంలోనే కలిసిపోయే గ్రాఫ్ డేటాబేస్...

పాత_డీబీఏ | బుధవారం, ఉదయం 10:12

కుజు రిపాజిటరీ 2025 అక్టోబర్‌లో ఆర్కైవ్ చేసేశారు బాబూ. ఫోర్కులు (ఆ కోడే తీసుకుని వేరేవాళ్ళు నడిపేవి) పుట్టాయి, ఏది బతుకుతుందో చూడాలి.

నా అసలు భయం ఇదే. టైటన్ అని గ్రాఫ్ డేటాబేస్ ఉండేది, దాన్ని రాసిన కంపెనీని 2015లో వేరేవాళ్ళు కొన్నారు, టైటన్ ఆగింది, దాని ఫోర్కే ఇందాక డల్లాస్ ఆయన చెప్పిన జానస్‌గ్రాఫ్. రెడిస్‌గ్రాఫ్ ఆపేస్తున్నామని 2023లో చెప్పారు, దాని ఫోర్కు ఫాల్కర్‌డీబీ. అరాంగోడీబీ 3.12 నుంచి లైసెన్స్ మార్చారు, కమ్యూనిటీ ఎడిషన్‌కి 100 జీబీ హద్దు. వికీడేటా వాళ్ళ క్వెరీ సర్వీస్ బ్లేజ్‌గ్రాఫ్ మీద కట్టారు, అది రాసినవాళ్ళు అమెజాన్‌కి వెళ్ళిపోయారు, వీళ్ళు పెరిగే డేటా మొయ్యలేక 2025లో గ్రాఫ్‌ని రెండు ముక్కలు చేసుకోవాల్సొచ్చింది. నేనెవర్నీ తిట్టట్లేదు, అన్నీ మంచి ఇంజినీరింగే. కానీ ఇతను దాచేది ఏడు తరాల లెక్క. వీళ్ళ బాబాయి లాంగ్ నోట్‌బుక్ యాభై ఏళ్ళు ఉంటుంది, కనీసం దానితో పోటీ పడాలి కదా.

బాణం_గుర్తు | బుధవారం, ఉదయం 10:40

కంపెనీలు పోవచ్చు, భాష పోదు సార్. 2024 ఏప్రిల్‌లో గ్రాఫ్ క్వెరీలకి జీక్యూఎల్ అని ఐఎస్‌ఓ స్టాండర్డ్ వచ్చేసింది, చూస్తే సైఫర్ పోలికే. మీ ఎస్‌క్యూఎల్‌లో కూడా 2023 స్టాండర్డ్‌లో గ్రాఫ్ క్వెరీల భాగం కలిపారు, అందులోనూ అవే బాణాలు. చివరికి మీరే నా దగ్గరికొస్తున్నారు :)

పాత_డీబీఏ | బుధవారం, ఉదయం 10:55

టేబుల్స్ మీద బాణాలు. నేనెక్కడికీ రాలేదు, బాణాలే మా ఇంటికొచ్చాయి.

సెమికోలన్ | బుధవారం, మధ్యాహ్నం 3:30

పని మాటకొద్దాం. పోస్ట్‌గ్రెస్ 14 నుంచి రికర్సివ్ క్వెరీకి సైకిల్ క్లాజ్ ఉంది, ఫలానా ఐడీ ఇదే దారిలో మళ్ళీ వస్తే గుర్తు పెట్టి ఆపు అని చెప్పొచ్చు. డేటాలో చక్రాలు ఎక్కడున్నాయో పట్టుకోవడానికి అది వాడండి. కానీ అది ఒక దారిలో తిరగకుండా ఆపుతుందంతే, దారుల సంఖ్య తగ్గించదు. అన్ని వైపులా వెళ్ళమంటే మళ్ళీ కోట్లే.

అందుకని అన్ని వైపులా వెళ్ళకండి. మా మామ్మ వరస ఎలా తేల్చేది? "మీ తాతెవరు, వాళ్ళ నాన్నెవరు" అని పైకే అడుగుతూ పోతుంది, ఎక్కడో ఒకచోట "ఆ, ఆయనా!" అంటుంది. అదే అల్గారిథం. ఇద్దరి నుంచీ పైకి మాత్రమే ఎక్కండి, ఏడు తరాలకి రెండూ నాలుగూ ఎనిమిదీ కలుపుకుంటూ పోతే మహా అయితే 254 గళ్ళు, మేనరికాలుంటే మనుషులు ఇంకా తక్కువ. రెండు జాబితాల్లో ఉమ్మడిగా ఉన్నవాళ్ళని తీయండి, ప్రతి ఉమ్మడి మనిషికీ అటు దారి, ఇటు దారి అతికించండి. అక్కడితో రక్త సంబంధాలన్నీ వచ్చేస్తాయి, అమ్మమ్మ-మేనత్త రెండూ వస్తాయి. పెళ్ళి ద్వారా వచ్చేవాటికి ఇదే పని వీళ్ళ భార్యాభర్తల నుంచి మొదలుపెట్టి ఇంకోసారి. తోడల్లుడికి రెండు చివరలా పెళ్ళి గీత, అంతే.

గోదారి_గట్టు | మూడు వారాల తర్వాత, శనివారం, రాత్రి 11:20

అందరికీ అప్‌డేట్. పోస్ట్‌గ్రెస్‌కి మార్చేశా. మనుషులు, పెళ్ళిళ్ళు, పిల్లల గీతలు (జన్మ/దత్తత), వరసల పేర్ల టేబుల్ వేరేగా, కరీంనగర్ తమ్ముడు చెప్పినట్టు ప్రాంతం కాలమ్‌తో. నిజంగానే తెలంగాణకి కోడళ్ళుగా వెళ్ళినవాళ్ళు పదకొండు మంది తేలారు. రోజూ రాత్రి మొత్తం మామూలు సీఎస్‌వీ ఫైల్లో కూడా రాసి బాబాయికి మెయిల్ పంపిస్తోంది, ఆయన ప్రింట్లు తీయించి ఫైల్ చేస్తున్నారు, డీబీఏ గారికి నచ్చుతుందనుకుంటా. సెమికోలన్ గారి పద్ధతిలో రాశా, ఏ ఇద్దరికైనా రెప్ప కొట్టేలోపు వస్తోంది. బాణాల భాష సరదాకి నా లాప్‌టాప్‌లో నియోఫోర్‌జే వేసుకుని అదే డేటా ఎక్కించా, బొమ్మ మాత్రం అద్భుతంగా ఉంది, బాబాయికి చూపిస్తే పది నిమిషాలు ఏమీ మాట్లాడలేదు.

ఒకరికి రెండు వరసలొస్తే రెండూ చూపిస్తున్నా, ఏది ముందు అన్నదానికి రూలు దొరకలేదు. మామ్మనడిగితే "చిన్నప్పట్నుంచీ ఏం పిలిచారో అదే వరస, మీ డబ్బాని అడిగి మారుస్తారేంట్రా" అంది. అందుకని పిలుపు అని ఒక కాలమ్ పెట్టా, నింపితే అదే ముందొస్తుంది.

ఒక గొడవ కూడా జరిగింది. మా చుట్టాల్లో ఒక సంబంధం మాటలు నడుస్తుంటే వాళ్ళ పెద్దాయన సైట్‌లో ఇద్దరి పేర్లూ కొట్టాడంట, అన్నాచెల్లెళ్ళ వరస అని వచ్చింది. అర్ధరాత్రి ఫోను. చూస్తే ఎక్సెల్‌లో ఒకావిడ ఆడామగా కాలమ్‌లో మ అని ఉంది. మహిళ అనుకుని కొట్టారు, నా ప్రోగ్రాం మగ అని చదువుకుంది. మేనత్త కాస్తా పెదనాన్న అయిపోయింది.

అమలాపురం_కోడలు | శనివారం, రాత్రి 11:45

అమ్మో! సంబంధం ఏమైంది మరి?

గోదారి_గట్టు | ఆదివారం, ఉదయం 7:05

నిశ్చయమైందండీ, మాఘమాసంలో పెళ్ళి. నన్ను మటుకు తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టారు.

సైకిల్ క్లాజ్‌తో వెతికితే మొత్తం మూడు చక్రాలు దొరికాయి. రెండు తాత-మనవడి పేర్ల గోలే, సరిచేశా. మూడోదాన్లో ఒకావిడ తన అత్తగారికి తల్లిగా ఉంది, నోట్‌బుక్కులో కూడా అలాగే రాసుంది, బాబాయి చేతిరాతే. ఆయనకి గుర్తు లేదంట. ఇవాళ మధ్యాహ్నం మామ్మ భోజనం చేసి లేచాక ఫోన్ చెయ్యాలి.